బంతి బరువు తెలిసే చదువు



ఇంటర్ ఫలితాలు వచ్చాక మన ఇళ్లలో జరిగే చర్చ మీకు తెలిసిందే. ఏ కాలేజీ, ఏ బ్రాంచి, ఎంత ఫీజు. ఈమధ్య ఆ చర్చ మధ్యలోకి ఒక కొత్త మాట వచ్చి పడుతోంది. పిల్లో పిల్లవాడో ధైర్యం చేసి "నేను యానిమేషన్ చదువుతాను" అంటున్నారు. "అంటే కార్టూన్లు వేస్తావా?" అని అమ్మ అడుగుతుంది. "అది ఆర్నెల్ల కోర్సు కదరా, దానికి యూనివర్సిటీ ఎందుకు?" అని నాన్న అడుగుతారు. నాన్నగారి ప్రశ్న మంచి ప్రశ్న. ఈ పూట నేను దానికే జవాబు చెప్పాలనుకుంటున్నాను.

ముందు ఒక సంగతి. కంప్యూటర్ యానిమేషన్‌కు ఉన్న పురిటిళ్లలో విశ్వవిద్యాలయం ఒకటి. సినిమా స్టూడియోలు ఆ తరవాతే దాన్ని తెచ్చుకున్నాయి. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయం ఉంది. 1960ల చివర్లో, 1970ల మొదట్లో అక్కడి కంప్యూటర్ సైన్స్ విభాగంలో డేవిడ్ ఎవాన్స్, ఐవాన్ సదర్లాండ్ అనే ఇద్దరు ఆచార్యుల చుట్టూ కొందరు విద్యార్థులు చేరారు. వాళ్లలో ఎడ్ క్యాట్మల్ ఒకరు. చిన్నప్పుడు డిస్నీ సినిమాలు చూసి యానిమేటర్ కావాలని కలలు కన్నారాయన. తనకు బొమ్మలు వేసేంత చెయ్యి లేదని తేల్చుకుని ఫిజిక్స్ వైపు, కంప్యూటర్ల వైపు వెళ్లారు. 1972లో ఆయన తన ఎడమ చేతికే ప్లాస్టర్ అచ్చు తీశారు. ఆ అచ్చు మీద సిరాతో గీతలు గీసి దాదాపు 350 చిన్న చిన్న పలకలుగా విడగొట్టారు. ఒక్కొక్క మూల ఎక్కడుందో కొలిచి, ఆ అంకెలన్నీ కంప్యూటర్‌కు ఎక్కించారు. తెర మీద ఒక చెయ్యి మెల్లగా తిరిగింది, వేళ్లు ముడిచింది, చాచింది. ఇప్పుడు చూస్తే ఏముంది ఇందులో అనిపిస్తుంది. ఆనాటికి అది ఎవరూ చూడని వింత. ఆ చిన్న చిత్రాన్ని 2011లో అమెరికావాళ్లు తమ జాతీయ చలనచిత్ర జాబితాలో చేర్చి భద్రపరిచారు. ఆ విద్యార్థే తరవాత పిక్సార్ సంస్థ స్థాపకుల్లో ఒకరయ్యారు. 1995లో ఆ సంస్థ తీసిన 'టాయ్ స్టోరీ' పూర్తిగా కంప్యూటర్‌తో తయారైన మొదటి పూర్తి నిడివి చిత్రం.

యూటాలోనే చదివిన మరొక విద్యార్థి గురించి కూడా చెప్పాలి. పేరు బుయ్ తుయాంగ్ ఫాంగ్. వియత్నాం నుంచి వచ్చినవాడు. తోమిన స్టీలు గ్లాసును దీపం దగ్గర పెడితే ఒకచోట తళుక్కుమని మెరుపు కనిపిస్తుంది కదా, ఆ మెరుపు ఎక్కడ పడాలి, ఎంత పదునుగా ఉండాలి అని లెక్కగట్టే పద్ధతిని 1973లో తన పీహెచ్‌డీ పరిశోధనలో ఇచ్చారు. 1975లో, చిన్న వయసులోనే చనిపోయారు. ఈ రోజుకీ చాలా 3డీ సాఫ్ట్‌వేర్లలో మెటీరియళ్ల జాబితా తెరిస్తే 'ఫాంగ్' అని ఉంటుంది. మన పిల్లలు అదేదో సాంకేతిక పదమనుకుని నొక్కేస్తుంటారు. అది మనిషి పేరని, ఆ మనిషి తమలాంటి విద్యార్థేనని మేష్టారు చెప్పినప్పుడు క్లాసు కాసేపు నిశ్శబ్దంగా ఉంటుంది. ఇలాంటివి చెప్పే చోటు ఒకటి ఉండాలంటాను నేను. బటన్లు ఎక్కడున్నాయో చూపించడానికి యూట్యూబ్ చాలు.

మరి నాలుగేళ్లు ఏం నేర్పుతారు?

డ్రాగన్లు చేద్దాం, యుద్ధాలు చేద్దాం అని ఉవ్విళ్లూరుతూ వస్తారు పిల్లలు. చేతికి పెన్సిలిచ్చి మనుషుల్ని గీయమంటారు. కూర్చున్నవాళ్లను, నిలబడ్డవాళ్లను, బస్టాపులో సంచి పట్టుకుని ఒంటికాలి మీద బరువు వేసినవాళ్లను. చంకన బిడ్డను ఎత్తుకున్న తల్లిని గమనించారా ఎప్పుడైనా? బిడ్డ ఉన్న వైపు తుంటి పైకి లేచి పక్కకు వస్తుంది, నడుము పై భాగం రెండో వైపుకు ఒరుగుతుంది. రోజూ చూసేదే. గీయమంటే నిటారుగా నిలబెట్టి గీస్తారు. చూడటం వేరు, గమనించడం వేరు అన్నది మొదటి సెమిస్టరులో ఒంటబట్టాలి.

ఆ తరవాత కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఒక బంతి ఇస్తారు. గీత లేని బూడిద రంగు గుండు. దాన్ని నేల మీద ఎగిరేలా చెయ్యాలి. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. పైన ఒక ఫ్రేములో బంతిని పెట్టి, కింద ఒక ఫ్రేములో పెట్టి, మళ్లీ పైన పెడితే మధ్యలో ఫ్రేములన్నీ కంప్యూటరే నింపేస్తుంది. అబ్బ, ఎంత సులువు అనుకుంటాడు కుర్రవాడు. ప్లే చేసి చూస్తే, బంతి నేలకు దగ్గరయ్యేకొద్దీ జంకుతున్నట్టు నెమ్మదించి, మెత్తగా ఆని, మర్యాదగా పైకి లేస్తుంది. కంప్యూటర్‌కు మూడు స్థానాలు తెలుసు, భూమ్యాకర్షణ తెలియదు. నిజమైన బంతి పైన నెమ్మదిస్తుంది, కిందికి వచ్చేకొద్దీ పుంజుకుంటుంది, నేలను తాకిన క్షణాన దాని వేగం అన్నిటికంటే ఎక్కువ. అప్పుడు గ్రాఫ్ ఎడిటర్ తెరిచి బంతి ఎత్తును గీతగా చూపిస్తారు. పైన గీత గుమ్మటంలా వంగాలి, నేల తాకేచోట కోసుగా విరగాలి. ఆ వంపును చేత్తో లాగి సరిచేశాక ప్లే చేస్తే బంతికి ఒక్కసారిగా బరువు వస్తుంది.

అంతటితో వదలరు. అదే బూడిద రంగు గుండును ఒకసారి రబ్బరు బంతిగా, ఒకసారి ఇనుప గుండుగా, ఒకసారి పింగ్‌పాంగ్ బంతిగా కదిలించాలి. సైజు మార్చకూడదు, రంగు మార్చకూడదు. పక్కవాడు చూసి "ఇది ఇనుము, ఇది రబ్బరు" అని కదలికను బట్టే చెప్పాలి. ఇనుప గుండు రెండుసార్లు కొద్దిగా లేచి దొర్లి ఆగిపోతుంది. పింగ్‌పాంగ్ బంతి చిన్న చిన్న గెంతులు వేస్తూ పోతూనే ఉంటుంది. చూడ్డానికి చిన్న హోంవర్కే. కానీ నన్నడిగితే, ఈ ఒక్క పాఠం ఎంత ఓపికగా చెప్పారన్నదాన్ని బట్టి కాలేజీని అంచనా కట్టవచ్చు.

ఇలాంటి సూత్రాలను డిస్నీ పెద్దలు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో వచ్చిన తమ పుస్తకంలో పన్నెండుగా విడమరిచి చెప్పారు. చేత్తో గీసే రోజుల్లో పుట్టిన ఆ సూత్రాలు కంప్యూటర్‌కూ చెల్లుతాయని 1987లో జాన్ లాసెటర్ అనే యానిమేటర్ ఒక పరిశోధన పత్రంలో చూపించారు. ఇప్పటికీ సిలబస్‌కు వెన్నెముక అవే.

బంతి తరవాత మనిషి బొమ్మ. బొమ్మ లోపల కనిపించని ఎముకలు అమర్చాలి. దీన్ని రిగ్గింగ్ అంటారు. తెలుగువాళ్లకు ఇది చెప్పడం నాకు భలే తేలిక, ఎందుకంటే మన తోలుబొమ్మలు ఉన్నాయి. శ్రీసత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో ఈ కళను నమ్ముకున్న కుటుంబాలున్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. తోలుబొమ్మ చేతిని చూడండి. భుజం దగ్గర ఒక ముడి, మోచేతి దగ్గర ఒక ముడి. భుజం ముడి దగ్గర జబ్బను తిప్పితే మోచెయ్యి, అరచెయ్యి దాని వెంటే పోతాయి. కంప్యూటర్ యానిమేషన్‌లో ఇది ఒక పద్ధతి. కానీ ఆడించేవాడు జబ్బ పట్టుకోడు, అరచేతికి కట్టిన పుల్ల పట్టుకుంటాడు. అరచెయ్యి ఎక్కడికి పోవాలో అతను చెప్తాడు, మోచెయ్యి ఎంత మడత పడాలో దానంతట అదే సర్దుకుంటుంది. ఇది రెండో పద్ధతి. కంప్యూటర్ దగ్గర ఈ రెండో పద్ధతికి గట్టి లెక్కలే కావాలి, దానికి ఇన్వర్స్ కైనమాటిక్స్ అని పెద్ద పేరు. తోలుబొమ్మవాళ్లు ఆ లెక్క లేకుండానే రాత్రంతా రామరావణ యుద్ధం నడిపించారు.

లెక్కలంటే గుర్తొచ్చింది. ఇంటర్‌లో మాత్రికలు, సదిశలు చదివి "ఇవి ఎందుకు పనికొస్తాయి సార్?" అని అడిగిన పిల్లలందరికీ జవాబు ఇక్కడ దొరుకుతుంది. తెర మీద బొమ్మ తల తిప్పితే, ఆ తలలోని ప్రతి బిందువునూ కంప్యూటర్ ఒక మాత్రికతో గుణిస్తోందన్నమాట. బొమ్మలు వేసే చెయ్యి అంతగా లేకపోయినా లెక్కలూ ప్రోగ్రామింగూ వచ్చినవాళ్లకు ఈ రంగంలో గౌరవమైన చోటుంది. క్యాట్మల్ సంగతి విన్నారుగా. ఆయనకూ కంప్యూటర్ శాస్త్రవేత్త ప్యాట్ హన్రహాన్‌కూ కలిపి 2019 సంవత్సరానికి ట్యూరింగ్ అవార్డు వచ్చింది. కంప్యూటర్ శాస్త్రంలో దానికి మించిన బహుమతి లేదు. ఇంగ్లండ్‌లో బోర్న్‌మత్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ యానిమేషన్‌కు ప్రత్యేకంగా ఒక జాతీయ కేంద్రమే ఉంది. అక్కడి పద్ధతి నాకు నచ్చుతుంది. కళ నేర్చుకునేవాడికి ప్రోగ్రామింగు, ప్రోగ్రామింగు వచ్చినవాడికి కళ, రెండూ ఒకే కప్పు కింద నేర్పుతారు.

మన భాషకు సంబంధించి ఒక మాట. పెదవుల కదలికను మాటకు కుదర్చడాన్ని లిప్ సింక్ అంటారు. పుస్తకాల్లో దొరికే నోటి ఆకారాల పటాలు ఇంగ్లిషు ధ్వనుల కోసం తయారైనవి. వాటిని యథాతథంగా తెలుగు డైలాగుకు వాడితే ఏదో తేడాగా ఉంటుంది, ఏమిటో చెప్పలేం. ఇప్పుడే, రేడియో ముందు కూర్చునే, 'అమ' అని ఒకసారి, 'అమ్మ' అని ఒకసారి అనండి. రెండోసారి పెదవులు ఎక్కువసేపు మూసుకుని ఉన్నాయి కదా? ఆ ఒత్తుకు మూసిన నోటిని మరికొన్ని ఫ్రేములు ఆపాలి. మన భాషలో ఒత్తులు అడుగడుగునా ఉంటాయి, దీర్ఘాలు సరేసరి. డబ్బింగ్ కార్టూన్లు చూస్తూ పెరిగిన పిల్లలకు ఈ తేడా కంటికి ఆనదు, నోరు ఒకటి అంటుంటే చెవికి ఇంకొకటి వినపడటం వాళ్లకు అలవాటైపోయింది. తెలుగు నోటికి తెలుగు పటం తయారుచేసే పని మన విశ్వవిద్యాలయాలు పెట్టుకుంటే బాగుంటుంది. ఏ విద్యార్థికైనా చక్కటి ప్రాజెక్టు అది.

అసలు నోరే లేని పాత్రను నటింపజేయాల్సి వస్తే? 2012లో వచ్చిన 'ఈగ' సినిమా చూడండి. ఈగకు కనుబొమలు లేవు, నవ్వడానికి పెదవులు లేవు. కోపమూ పంతమూ ప్రేమా అన్నీ తల వంపుతో, కాళ్ల విసురుతో చెప్పాల్సి వచ్చింది. హైదరాబాద్ సంస్థ మకుట చేసిన ఆ పనికి జాతీయ అవార్డు దక్కింది. ఇంట్లో మళ్లీ వేసుకుని ఒకసారి శబ్దం తీసేసి చూడమని పిల్లలకు చెప్తాను నేను. ఈగ ఏమంటోందో అప్పుడూ తెలుస్తూనే ఉంటుంది.

చివరి ఏడాది ప్రతి విద్యార్థీ, లేదా నలుగురైదుగురు కలిసి, ఒక చిన్న సినిమా తీయాలి. కథ, స్టోరీబోర్డు, మోడలింగ్, రిగ్గింగ్, యానిమేషన్, లైటింగ్ అన్నీ అయ్యాక రెండరింగ్ అనే ఘట్టం ఒకటుంది. కంప్యూటర్ ఒక్కొక్క ఫ్రేమునూ పూర్తి వెలుగునీడలతో లెక్కగట్టి బొమ్మగా తీసివ్వడం. ఈ లెక్క ఒకసారి వేద్దాం. సెకనుకు 24 చొప్పున నిమిషం సినిమాకు 1,440 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముకు పది నిమిషాలు పడితే మొత్తం 240 గంటలు. అంటే ఒకే కంప్యూటర్ మీద, రాత్రింబవళ్లు ఆపకుండా, పది రోజులు. మధ్యలో కరెంటు పోతే పని ఆగిపోతుంది. ఎక్కడో బొమ్మ చెయ్యి గోడలోకి దూరిందని తొమ్మిదో రోజున కనబడితే, ఆ షాటు మళ్లీ మొదటికే. సమర్పణ తేదీ దగ్గర పడ్డ వారంలో యానిమేషన్ ల్యాబుకు వెళ్లి చూడండి, ఇన్‌స్టెంట్ నూడుల్స్ వాసన, కుర్చీల్లో నిద్రపోతున్న పిల్లలు. వాళ్లను తిట్టకండి.

సాఫ్ట్‌వేర్ సంగతికి వస్తాను. ఫలానా సాఫ్ట్‌వేర్ నేర్పుతాం, ఉద్యోగం ఖాయం అని ప్రకటనలు కనిపిస్తాయి. సాఫ్టిమేజ్ అని ఒకటుండేది. 1993 నాటి 'జురాసిక్ పార్క్' డైనోసార్లను కదిలించడంలో దానికి పాత్ర ఉంది. దాన్ని 2014లో ఆపేస్తున్నామని కంపెనీ ప్రకటించింది. ఆ బటన్లు మాత్రమే తెలిసినవాళ్లకు అది పెద్ద దెబ్బ, బంతి బరువు తెలిసినవాళ్లు వేరే సాఫ్ట్‌వేర్‌కు మారిపోగలరు. ఇక ఖరీదు మాట. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ 2002 నుంచి అందరికీ ఉచితం. లాత్వియా దేశపు దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ దానితోనే 'ఫ్లో' అనే సినిమా తీశారు. ఒక పిల్లి కథ, ఒక్క మాట కూడా లేని సినిమా. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలుచుకుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్ పేరు చెప్పి లక్షల ఫీజు అడిగేవాళ్లను కాస్త నిలదీయవచ్చు.

ఎక్కడ చదవాలి? హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో యానిమేషన్‌లో బీఎఫ్ఏ ఉంది. అహ్మదాబాద్‌లోని డిజైన్ సంస్థ ఎన్ఐడీ, బొంబాయి ఐఐటీలోని డిజైన్ విభాగం ఐడీసీ, కోల్‌కతాలోని సత్యజిత్ రే సినిమా, టెలివిజన్ సంస్థ పేరున్నవి. ఐఐటీల్లో డిజైన్ డిగ్రీకి యూసీడ్, పీజీకి సీడ్ అనే పరీక్షలుంటాయి. ఎన్ఐడీకి తన పరీక్ష తనదే. వీటిలో బట్టీ పట్టి రాసేది తక్కువ, గీసి చూపించేదీ ఆలోచించి చెప్పేదీ ఎక్కువ. ఈఏపీసెట్ కోచింగుతో ఇవి గట్టెక్కవు.

ఉద్యోగాల విషయంలో తల్లిదండ్రులకు తీపి మాటలు చెప్పను. హైదరాబాద్‌లో ఈ పరిశ్రమ బలంగా వేళ్లూనుకున్న మాట నిజం. 2008లో టీవీకి వచ్చిన ఛోటా భీమ్ ఈ ఊళ్లోని గ్రీన్ గోల్డ్ సంస్థ బిడ్డే. 'బాహుబలి' తరవాత గ్రాఫిక్స్ లేని పెద్ద సినిమా అరుదు. అయితే రిథమ్ అండ్ హ్యూస్ అనే అమెరికా సంస్థ కథ కూడా తెలుసుకోవాలి. దానికి హైదరాబాద్‌లోనూ శాఖ ఉండేది. 'లైఫ్ ఆఫ్ పై' సినిమాలో పులిని సృష్టించింది ఆ సంస్థే. 2013 ఫిబ్రవరిలో సంస్థ దివాలా పిటిషన్ వేసింది. అదే నెలలో ఆ పులికి ఆస్కార్ వచ్చింది. వేదిక మీద ఆ బృందం నాయకుడు సంస్థ కష్టాల గురించి చెప్పబోతుంటే సంగీతం పెంచి మైకు ఆపేశారు. పని గొప్పగా ఉన్నంత మాత్రాన బతుకు స్థిరంగా ఉంటుందని ఈ రంగంలో ఎవరూ హామీ ఇవ్వలేరు. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు పని, ఆపైన ఇంకొకటి వెతుక్కోవడం. మొదటి జీతాలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో పోల్చుకుంటే నిరాశే. దీనికి తోడు ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. ఫ్రేము తరవాత ఫ్రేము అంచులు గీసే రోటో లాంటి పనులు, కొత్తవాళ్లు మొదట చేరే పనులు, దాని చేతిలోకి పోతున్నాయి. ఇది తెలిసి కూడా పిల్లవాడు వెనక్కి తగ్గలేదంటే వాడికి నిజంగా ఇష్టముందన్నమాట, అడ్డుపడకండి.

డబ్బు కట్టే ముందు మాత్రం మూడు పనులు చెయ్యండి. డిగ్రీ ఇచ్చేది ఏ విశ్వవిద్యాలయమో అడిగి, దాని పేరు యూజీసీ వెబ్‌సైటు జాబితాలో ఉందో లేదో మీరే చూసుకోండి, కౌంటరులో కూర్చున్న అమ్మాయి మాట చాలదు. పాఠం చెప్పేవాళ్లు స్టూడియోలో పనిచేశారా, చేస్తే ఏ సినిమాకు అని కనుక్కోండి. అన్నిటికంటే ముఖ్యంగా, పోయిన ఏడాది చివరి సంవత్సరం విద్యార్థులు తీసిన సినిమాలు చూపించమనండి. ఒకటి రెండు కావు, అన్నీ. ఏసీ ల్యాబు, వరసగా కంప్యూటర్లు, గోడ మీద హాలీవుడ్ పోస్టర్లు చూపించి సినిమాలు మాత్రం తరవాత పంపిస్తామంటే, ఫీజు కట్టకుండా ఇంటికి వచ్చేయండి.